ఆచారి చేతిలోంచి మేస్త్రీ చేతికి

పాతకాలపు ఇంటికి పెద్ద వడ్రంగి. గోడలు మట్టివైనా ఇటుకవైనా పెత్తనం ఆయనదే. ఎందుకంటే గది కొలత కర్ర పొడవును బట్టి వచ్చేది. కలప అమ్మే అడితిలో పన్నెండడుగుల దూలమే దొరికితే గది వెడల్పు పన్నెండు దాటదు, ఇంటాయన ఎంత మోతుబరి అయినా సరే. రెండు దూలాల మధ్య చోటు ఒక అంకణం. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇంటిని చదరపుటడుగుల్లో చెప్పేవారు కాదు, "మూడంకణాల ఇల్లు", "అయిదంకణాల సావిడి" అనేవారు. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపుటడుగులు, తిరుపతిలో 36, అక్కడ స్థలాలు అమ్మేదీ కొనేదీ ఆ లెక్కలోనే. మా వైపు మాత్రం అది ఇంటి కప్పుకి సంబంధించిన మాట, కప్పుతోనే పోయింది.

మా ఊరు చల్లపల్లికి దగ్గర. తాతగారి ఇల్లు మండువా లోగిలి. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారా, నాలుగు మూలలా నాలుగు టేకు స్తంభాలు. వాన వస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి తూములోంచి వీధిలోకి పోయేవి. గోడలు గుల్లసున్నంతో కట్టినవి. నత్తగుల్లలు కాల్చి, ఆ సున్నాన్ని గానుగలో ఎద్దులు కట్టి రాతి చక్రంతో తిప్పించి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపేవారట. గచ్చు నేల ఎంత నున్నగా ఉండేదంటే, వేసవి మధ్యాహ్నాలు మామ్మ దాని మీద చాప కూడా వేసుకోకుండా పడుకునేది. పక్కనే నేనూ వెల్లకిలా పడుకుని పైకి చూస్తుండేవాణ్ణి.

పైన చూడాల్సింది చాలా ఉండేది. ఈ గోడ నుంచి ఆ గోడకి దూలం. దూలం నడినెత్తిన పొట్టిగా నిలబడ్డ గుజ్జు. గుజ్జుల తలల మీద ఇంటి పొడవునా వెన్నుదూలం. అక్కడి నుంచి రెండు వైపులా దిగే తాటి వాసాలు, వాటికి అడ్డంగా పెండెలు, ఆ పైన పెంకు. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావురా?" అని మామ్మ నవ్వేది. నిజంగానే లెక్కపెట్టేవాణ్ణి.

ఆ ఇంటికి ఏటా ఖర్చుండేది. తొలకరికి ముందు పెంకు నేయించాలి. పిల్లులూ కోతులూ తొక్కి పగలగొట్టినవి తీసి కొత్తవి వేయాలి. వాసాల్లో పుచ్చు పట్టిందేమో చూడాలి. మా తాతగారి హయాంలోనే నాటు పెంకు తీసేసి బెంగుళూరు పెంకు వేయించారు, దానికోసం పెండెలు పీకి సరైన ఎడంలో రీపర్లు కొట్టించారు. ఈ పనులన్నిటికీ ఒకే మనిషి వచ్చేవారు. అందరూ ఆచారిగారు అనేవారు. ఆయన నాన్నని బాబుగారూ అనీ, మామ్మని అమ్మగారూ అనీ, నన్ను చిన్నబ్బాయ్ అనీ పిలిచేవారు. చెవి మీద పెన్సిలు, భుజాన గోనెసంచి. సంచిలో బాడిస, రెండు మూడు రకాల ఉలులు, కొడతి అనే కర్ర సుత్తి, కర్రని నున్నగా చేసే చిత్రిక, మూలమట్టం, చేతిరంపం. వీధరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాకే సంచి విప్పేవారు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. మా ఊరి దాకా సముద్రం రాలేదు కానీ గాలి వచ్చింది. పెంకులు ఒక్కొక్కటీ లేచి ఎగిరిపోతుంటే ఇంటిల్లిపాదీ ధాన్యపు కొట్లో కూర్చున్నాం. దూలాలూ స్తంభాలూ ఇసుమంత కదల్లేదు. ఆ మాట ఆచారిగారు తర్వాత చాలాసార్లు గుర్తుచేశారు. కానీ నాన్న మనసు విరిగిపోయింది. ఆ ఏడాది తర్వాత మా ప్రాంతంలో ఎవరిని కదిపినా ఒకటే మాట, శ్లాబు వేయాలి.

డబ్బు సర్దుబాటయ్యేసరికి 1981 వచ్చింది. అప్పుడు నాది తొమ్మిదో తరగతి, వేసవి సెలవులు. పాత ఇల్లు విప్పే పని ఆచారిగారికే ఇచ్చారు. కూలగొట్టడం అనలేదు ఆయన, విప్పడం అన్నారు. నిజంగా విప్పారు కూడా. పెంకు దించి, రీపర్లు పీకి, వాసాలు దించాక దూలాల దగ్గరికి వచ్చేసరికి నన్ను పిలిచి చూపించారు. స్తంభం తలమీద నాలుగు పలకలుగా చెక్కిన కుసి. దూలం అడుగున అది సరిగ్గా దూరే బెజ్జం. రెంటినీ కలిపి పక్కనుంచి దిగ్గొట్టిన కర్ర చీల. ఇనుప మేకు ఒక్కటి లేదు. చీలకి అవతలి కొసన సన్నటి కర్రముక్క ఆనించి కొడతితో నాలుగు దెబ్బలు వేస్తే, చీల ఇవతలికి వచ్చేసింది. దాన్ని నా చేతిలో పెట్టారు. గట్టిగా, నల్లగా, చింతగింజలా మెరుస్తోంది. పది మంది తాళ్ళేసి దూలం దించుతుంటే ఆయన కింద నిలబడి ప్రతి కర్ర మీదా ఉలితో గీతలు పెట్టుకుంటూ పోయారు. తూర్పువి ఒక గీత, పడమటివి రెండు. మళ్ళీ కప్పుగా వేసేది లేదని ఆయనకి తెలుసు. అయినా గీతలు పెట్టారు.

తాపీ మేస్త్రీ బందరు నుంచి వచ్చాడు. కుర్రవాడు, మాటకారి. ముగ్గు పోసే రోజున ఇద్దరికీ మొదటి తగువు. ఆచారిగారు గది గదికీ ఆయం, అంటే కొలతల్లో మంచీ చెడూ చూసే లెక్క, కట్టి తెచ్చారు. కొలతల్ని హెచ్చవేసి, వచ్చినదాన్ని మళ్ళీ తొమ్మిదితో హెచ్చవేసి, ఎనిమిదితో భాగిస్తే ఒకటి మిగలాలి, అది ధ్వజాయం. మూడు మిగిలితే సింహాయం, అదీ మంచిదే. రెండో నాలుగో మిగిలిందా, అంగుళం అటో ఇటో జరపాలి. అందుకే పాత ఇళ్ళలో గదులు పది అడుగుల ఏడంగుళాలు, తొమ్మిది అడుగుల పదకొండంగుళాలు ఉంటాయి. మేస్త్రీకి ఇది తలనొప్పి. అతని లెక్క పదీ పన్నెండూ, దానికి తగ్గ ఇనుము. "శ్లాబుకి ఆయం ఏమిటండీ ఆచారిగారూ, ఊచకి తెలుస్తుందా?" అన్నాడు. "ఊచకి తెలియదు మేస్త్రీ, ఉండేవాళ్ళకి తెలుస్తుంది" అన్నారాయన. నాన్న మధ్యే మార్గం చూశారు. పడగ్గదికీ వంటింటికీ ఆయం, హాలుకి మేస్త్రీ లెక్క. హాలులో ఎప్పుడు ఎవరికి జ్వరం వచ్చినా మామ్మ ఆ సంగతి ఎత్తేది.

మూలలు తీయడం మాత్రం ఇద్దరిదీ ఒకటే పద్ధతి. తాడు మీద ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు నాలుగు, ఎదురు కొస అయిదు వస్తే మూల సరి. ఆ ఏడాది లెక్కల పాఠంలో పైథాగరస్ సిద్ధాంతం చదివినవాణ్ణి, మేకులూ నులక తాడుతో మేస్త్రీ దాన్ని క్షణంలో తేల్చేయడం చూసి నోరెళ్ళబెట్టాను.

మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి దూరేంత బీటలు వేస్తుంది. అందుకని పునాది లోతుగా తీసి, అడుగున ఇసుక పోసి, నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టి, దానిమీద బొంతరాయి కట్టారు. దిమ్మిస కొట్టేవాళ్ళు దెబ్బదెబ్బకీ గట్టిగా ఊపిరి వదిలేవారు, పక్క వీధికి వినిపించేది. బేస్‌మట్టం మూడడుగులు లేపారు, ఉప్పెన భయం ఇంకా పోలేదు కదా.

సిమెంటు కథ వేరే రాయాలి. 1982 ఫిబ్రవరిలో ప్రభుత్వం సిమెంటు మీద కంట్రోలు కొంతవరకు ఎత్తేసింది, పూర్తిగా పోయింది 1989లో. మేం కట్టింది ఆ మొదటి సడలింపుకి సరిగ్గా ముందు. పర్మిట్ కావాలి. నాన్న ఆఫీసు చుట్టూ తిరిగితే, అక్కడి గుమాస్తా ప్లాను కాయితం లేదని ఒకసారి, ఉంది కానీ సంతకం చెరిగిందని ఇంకోసారి తిప్పిపంపాడు. చివరికి అడిగినదాంట్లో సగం ఇచ్చారు. మిగతా సగం బ్లాకులో. బస్తాలు వచ్చిన రాత్రి నాన్న వాటి పక్కనే మంచం వేసుకున్నారు. ఇంట్లో బంగారం ఎక్కడుందో కూడా ఆయనకి అంత పట్టింపు లేదు.

గోడలు లేస్తుంటే నా ప్రపంచం మారిపోయింది. అంతదాకా చిత్రిక పొట్టు వాసన, ఇక నుంచి తడి ఇటుక వాసన. ఇటుకల్ని ముందే తొట్టిలో నానబెట్టాలి. బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి, లేకపోతే మాలులో, అంటే కలిపిన ఇసుకా సిమెంటులో, ఉన్న నీళ్ళు ఇటుకే తాగేస్తుంది. ఆరు ఇసుకకి ఒక సిమెంటు. కలిపిన మాలు గంటలో అయిపోవాలి. మిగిలిందాన్ని నీళ్ళు పోసి మళ్ళీ కలపబోయిన కూలీని మేస్త్రీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. బయటి గోడలు తొమ్మిదంగుళాలు, లోపలి అడ్డుగోడలు నాలుగున్నర. కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకూడదు. రెండు కొసలా ఇటుకలు పెట్టి దారం లాగి, దారానికి తగలకుండా, అలాగని ఎడం కాకుండా మధ్యలో పేర్చుకుంటూ పోవాలి. వరస అయ్యాక దారానికి వేలాడే గుండు వేసి నిలువు చూడాలి. ఒక కన్ను మూసి గుండు దారాన్ని చూసేటప్పుడు మేస్త్రీ మాట్లాడడు, ఎవరు మాట్లాడినా ఊరుకోడు. మట్టం చూడ్డానికి రసమట్టం ఉన్నా దూరపు మూలలకి నీళ్ళ గొట్టమే. గొట్టం ఒక కొస నా చేతికిచ్చి, ఇంకో కొస అతను పట్టుకుని "నీళ్ళు ఆగాయా?" అని అరిచేవాడు. అంత బాధ్యత నాకు బడిలో ఎవరూ ఇవ్వలేదు.

గుమ్మం ఎత్తిన రోజున మళ్ళీ ఆచారిగారిదే రాజ్యం. సింహద్వారానికి పాత ఇంటి ద్వారబంధమే పెట్టాలని మామ్మ పట్టుబట్టింది. రెండు నిలువు కమ్ములు, పైన పద్మాలు చెక్కిన ఉత్తరాసి, కింద అరిగిన గడప. పాత తలుపులకి మడతబందులు లేవు. రెక్క చివర కిందా పైనా పొడుచుకొచ్చిన కొసలు గడప గుంటలోనూ ఉత్తరాసి బెజ్జంలోనూ తిరిగేవి, తెల్లారుజామున ఎవరు తీసినా ఊరంతటికీ తెలిసేంత చప్పుడుతో. గడప కింద నవధాన్యాలు, నాణేలు పెట్టి, పసుపు రాసి బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టారు. ఆచారిగారికి పంచెల చాపు, తాంబూలం ఇచ్చారు. ఆయన గుమ్మానికి దణ్ణం పెట్టి, కమ్మికి గుండు వేసి, మేస్త్రీ వైపు తిరిగి "ఇప్పుడు నీ గోడ తెచ్చి దీనికి ఆనించు" అన్నారు. అంటే గుమ్మం ముందు, గోడ తర్వాత. మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడు.

లింటల్ అయింది, సజ్జలు అయ్యాయి. ఇక సెంట్రింగు, అంటే శ్లాబు పోయడానికి కింద కట్టే అచ్చు. సరుగుడు బొంగుల మీద పలకలు పరిచి, సందుల్లో కాయితాలు కుక్కి, పైన ఇనుము కట్టారు. మేస్త్రీ మనుషులు ఊచని సూతుల్లో చెప్పేవారు. అంగుళానికి ఎనిమిది సూతులు. మూడు సూతులంటే ఇప్పటి 10 ఎంఎంకి దగ్గర, నాలుగంటే 12. ఊచ బరువుకి ఒక చిట్కా ఉంది, అది నేర్పింది ఇనుము కట్టే కుర్రాడే. మిల్లీమీటర్ల కొలతని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం అయితే 144ని 162తో భాగించాలి, కిలోకి కాస్త తక్కువ. నాన్న బిల్లులు తిరగేసి నాచేత ఆ లెక్క వేయించారు. ఇనుము కొట్టు ఆయన తూకంలో చేసిన పని బయటపడింది. మర్నాడు మర్యాదగా ఒక కట్ట అదనంగా పంపాడు.

శ్లాబు రోజు ఇంటికి పెళ్ళి కళ. చీకటితోనే ముఠా దిగింది, ముప్పై మందికి పైగానే. కాంక్రీటు కలిపే మిల్లరు లేదు, అంతా పారలతోనే. ఒకటి సిమెంటు, రెండు ఇసుక, నాలుగు ముప్పావంగుళం కంకర. వంద ఘనపుటడుగుల కాంక్రీటుకి 18 బస్తాల దాకా పడతాయి, మేస్త్రీ ఖాళీ బస్తాలు లెక్కపెట్టుకుంటూ పని ఎంతయిందో చెప్పేసేవాడు. పరంజా మీద మెట్టుకి ఒకరు చొప్పున ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. నిండు గమేళా చేతులు మారుతూ పైకి, ఖాళీది గాల్లో ఎగురుతూ కిందికి. ఒక్కటి కింద పడలేదు. ఒకసారి మొదలుపెడితే ఆపడానికి లేదు, మధ్యలో ఆపితే అక్కడ అతుకు పడి రేపు వాన కారుతుంది. మేఘం పట్టింది. నాన్నకి టెన్షన్. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఊచముక్కతో పొడుస్తూ, బద్దతో లాగుతూ, పైకి చూడకుండా "పడదులెండి బాబుగారూ" అంటున్నాడు. పడలేదు. సాయంత్రం అందరికీ కోడికూర భోజనాలు. అమ్మ వండలేక వండలేక మర్నాడు పడకేసింది. ఆచారిగారు కూడా వచ్చి పెరట్లో నీడపట్టున కూర్చున్నారు. ఆ రోజు ఆయనకి పనేమీ లేదు.

తర్వాత శ్లాబు మీద మాలుతో గట్లు వేసి, మడులు కట్టి, మూడు వారాలు నీళ్ళు నిలబెట్టాం. పొద్దునా సాయంత్రం నీళ్ళు మోసే పని పిల్లలది. సెంట్రింగు పీకాక లోపలికి వెళ్ళి పైకి చూస్తే పలకల గీతలు తప్ప ఏమీ లేదు. లెక్కపెట్టడానికేమీ లేదు. పైన మాత్రం పిట్టగోడ కట్టారు. వడియాలకీ పడకలకీ బోలెడు చోటు దొరికింది. ఆ వేసవే మామ్మ మొదటిసారి "ఉక్కగా ఉందిరా" అంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

పాత దూలాలు వృథా పోలేదు. కోత మిల్లుకి తోలించి, చీరించి, తలుపులూ కిటికీలూ చేశారు. ఆ పని నెలలు సాగింది. పైన నల్లగా, మసిగా ఉన్న కర్ర మీద చిత్రిక రెండుసార్లు నడవగానే లోపల తేనె రంగు, టేకు నూనె వాసన. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి ఆయన కాళ్ళ చుట్టూ పడేది. ఆచారిగారు బెజ్జాలు వేసే బరమా పట్టుకుని నొక్కితే, దాని తాడు అటూ ఇటూ లాగే పని నాది. వేగం తప్పితే మొన పక్కకి జారుతుంది. "పాట పాడినట్టు లాగాలి చిన్నబ్బాయ్" అనేవారు.

తండ్రి దగ్గర చిత్రిక పట్టడం నేర్చిన వాళ్ళబ్బాయి ఆ తర్వాత రెండేళ్ళకి మస్కట్ వెళ్ళాడు. వీసా మీద షట్టరింగ్ కార్పెంటర్ అని ఉంది. అక్కడ అతను చేసింది తలుపులు కాదు, కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు. పోసిన వారానికి పీకేసి, ఇంకోచోట కొట్టడం. మా ప్రాంతం నుంచి ఆ రోజుల్లో గల్ఫ్ వెళ్ళిన వడ్రంగుల్లో చాలామందిది ఇదే పని. డబ్బు బాగానే పంపాడు. ఆ డబ్బుతో ఆచారిగారు తన పెంకుటిల్లు తీసేసి శ్లాబు వేశారు. మేస్త్రీ ఆ బందరు అతనే. ఈసారి ఆయం గురించి గొడవ పడ్డారో లేదో నాకు తెలియదు కానీ, అన్ని గదులూ పదీ పన్నెండే.

నలభై ఏళ్ళు తిరిగేసరికి మా శ్లాబు పెచ్చులూడడం మొదలైంది. కారణం మేస్త్రీ పనితనం కాదు, నీళ్ళు. మా బావి నీళ్ళు ఉప్పన. ఊళ్ళో అందరూ ఇళ్ళకి అవే వాడారు. ఉప్పు లోపల ఊచని తినేస్తుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటుని తోసేస్తుంది. తాగడానికి పనికొచ్చే నీళ్ళే కాంక్రీటుకీ వాడాలని ఇప్పుడు ప్రతి ఇంజనీరూ చెబుతాడు. పోయిన ఏడాది ఇల్లు తీసేశాం. ఈసారి విప్పడం లేదు, మిషన్ పెట్టి కొట్టడమే. బయటపడ్డ మూడు సూతుల ఊచల్లో కొన్ని అగ్గిపుల్లంత సన్నగా మిగిలాయి.

తలుపులూ కిటికీలూ ద్వారబంధమూ మాత్రం అలాగే ఉన్నాయి. పాత సామాను కొనేవాడు వచ్చి ఇనుముని కిలోల్లో తూచుకున్నాడు. ద్వారబంధం దగ్గరికి వచ్చేసరికి తూకం మాట ఎత్తకుండా, ఉత్తరాసి మీద పద్మాలు వేలితో తడిమి ఒక రేటు చెప్పాడు. హైదరాబాదులో ఫామ్‌హౌస్‌లకి ఇలాంటివి బాగా పోతాయట. మస్కట్ నుంచి ఎప్పుడో తిరిగొచ్చేసిన ఆచారిగారబ్బాయికి ఫోన్ చేస్తే "అమ్మకండి అన్నా, పైపైన చిత్రిక పట్టిస్తే కొత్తదే" అన్నాడు. కొత్త ఇంటి ప్లాను గీసిన కుర్రాడేమో ఆ గుమ్మం ఎత్తు తక్కువ, ఎలివేషన్‌కి కుదరదు అంటున్నాడు. పైగా పాత తలుపు అలా కొసల మీద తిరిగితే స్మార్ట్ లాక్ పట్టదట. తమ్ముడు అమ్మేద్దామంటాడు, అమ్మ పూజగదికైనా పెట్టమంటుంది. పూజగదికి అది మరీ పెద్దది. ప్రస్తుతానికి చెదల మందు కొట్టించి, తార్పాలిన్ కప్పి మా చిన్నాన్నగారి గొడ్లసావిట్లో ఉంచాం. వాళ్ళకి వచ్చే నెల గడ్డి వేసుకోవడానికి చోటు కావాలట.